మా అత్తగారి కన్నడం స్టేషన్

మా ఇంటికి రేడియో వచ్చిన రోజు మా అత్తగారు దాన్ని గడప బయటే ఆపేశారు.

మా ఆయన ఆదోనిలో బడిపంతులు. తనతో పనిచేసే ఇంకో పంతులు బదిలీ మీద పోతూ, కొత్త ఊళ్లో పెద్ద రేడియో కొనుక్కుంటానని, తన చిన్న రేడియోను మా ఆయనకు ఇచ్చేశారు. దానికి గోధుమరంగు తోలు తొడుగు. ముందువైపు సన్నని రంధ్రాలు, పైన భుజానికి తగిలించుకునే పట్టీ. మా ఆయన దాన్ని భుజాన వేసుకుని, పాట పెట్టుకుని, జిన్నింగు మిల్లు మలుపు దగ్గర్నుంచి ఇంటిదాకా నడిచి వచ్చారు. వీధిలో వాళ్లంతా అరుగుల మీదికి వచ్చి చూశారు. పెళ్లి ఊరేగింపులో కూడా ఆయన్ని అంతమంది చూడలేదు.

అత్తగారు వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆమె రేడియోను చూడలేదు, తొడుగును చూశారు.

"అది తోలు గదా?"

"రేడియో మ్మా."

"రేడియో లోపల ఉండాది. పైన ఉండేది తోలు. తోలు ఇంట్లోకి రాదు."

"నా చెప్పులు గూడా తోలే గదమ్మా."

"అవి యాడ ఇడిసి వస్తావు?"

మా ఆయన చెప్పులు ఎక్కడ విడిచారో, వాటి పక్కనే తొడుగును కూడా విడిచారు. అయినా రేడియోకు లోపలికి అనుమతి రాలేదు. తోలును అంటుకుని ఉన్న వస్తువు అది. పైగా ప్లాస్టిక్కు. ప్లాస్టిక్కుకు మైల అంటుతుందో లేదో ఆమెకు తెలియదు. మా మామగారు మంత్రాలయంలో స్వామి సేవలో ఉండేవారు. నెలకు రెండుసార్లు ఇంటికి వచ్చేవారు. ఆయన వచ్చేదాకా రేడియో అరుగు మీదే ఉండిపోయింది. ఆయన వచ్చి, భోంచేసి, విషయమంతా విని, "పట్టుకు మైల లేదు" అని ఒక్క మాట చెప్పి పడుకున్నారు. ఆయన అడిగినదానికి కాకుండా తనకు తెలిసినదానికి జవాబు చెప్పేవారు. చాలాసార్లు అదే పనికొచ్చేది.

ఒక పాత పట్టుచీర కొంగు కత్తిరించి నేను రేడియోకు తొడుగు కుట్టాను. మీటలకు రెండు చోట్ల కంతలు వదిలాను. రేడియో లోపలికి వచ్చి, నడిమింట్లో గూట్లో కూర్చుంది. దాని వెనకాల వేసే సెల్లుల గురించి మళ్లీ ఒక చర్చ జరిగింది. అవి అంగడి నుంచి వచ్చేవి, నీళ్లు చల్లడానికి వీల్లేనివి. కాసేపు ఎండలో పెడితే చాలునని, సూర్యుడికి మించిన శుద్ధి లేదని అత్తగారు తేల్చారు. పక్కింటామె కూడా ఎండలో పెడితే సెల్లులు ఇంకా నాలుగు రోజులు ఎక్కువ వస్తాయని చెప్పింది. ఆ విషయంలో శాస్త్రమూ వీధీ ఒక్కటయ్యాయి.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. రేడియో ఇప్పుడు మడి. మా ఆయన బడి నుంచి వచ్చి దాన్ని ముట్టుకోకూడదు. నాకు అప్పుడు పాలు తాగే పిల్ల. చంటిపిల్ల తల్లికి మడి నిలవదు కాబట్టి నేనూ ముట్టుకోకూడదు. ఇంట్లో రేడియోను ముట్టుకోగలిగిన మనిషి అత్తగారు ఒక్కరే. ఆమెకు రేడియో పెట్టడం రాదు.

నేను నాలుగు అడుగుల దూరంలో, పిల్లను చంకలో వేసుకుని నిలబడి చెప్పేదాన్ని.

"ఎడమపక్క మీట తిప్పండి అత్తమ్మా. టక్కుమనేదాకా."

"టక్కుమన్నె."

"ఇప్పుడు కుడిపక్కది. నిదానంగా. ఇంకొంచెం. అయ్యో, దాటిపోయింది, వెనక్కి రండి."

"యాడికి రావాల వెనక్కి?"

"మీరు కాదు, ముల్లు."

అట్లా నేర్చుకున్నారు. నేర్చుకున్న కొన్నాళ్లకు ఒక పొద్దున, ముల్లును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ, ఒకచోట ఆపారు. కన్నడంలో ఎవరో దాసుల పదం పాడుతున్నారు. ఆమె చెయ్యి మీట మీద అట్లాగే ఉండిపోయింది. పాట అయిపోయింది. చెయ్యి తీసి, దేవుడికి పూలు పెట్టడానికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి ముల్లు అక్కడి నుంచి కదల్లేదు.

మా అత్తగారిది తుంగభద్రకు అవతల, రాయచూరు పక్క పల్లె. చిన్నపిల్లగా పెళ్లయి ఆదోనికి వచ్చారు. మామగారు ఆమెతో తెలుగే మాట్లాడేవారు, పిల్లలూ తెలుగే. ఆమె తెలుగులో వంక పెట్టడానికి ఏమీ లేదు. మాకు వంకలు పెట్టడానికి ఆమె వాడేదీ ఆ తెలుగే. కానీ దేవుడితో, తులసికోటతో, ఉడకని కందిపప్పుతో, తనతో తాను మాట్లాడుకునేటప్పుడు మాత్రం కన్నడం. నాది సి.బెళగల్ పక్క ఊరు. మా ఇంట్లో కన్నడం వినపడేది కాదు. ఆమె గొణుగుతుంటే మూత పెట్టిన కుండ పక్కన నిలబడినట్టుండేది. ఏదో ఉడుకుతోందని తెలుస్తుంది, ఏమిటన్నది తెలియదు.

సాయంత్రాలు వీధిలోని ఆడవాళ్లు మా అరుగు మీదికి వచ్చేవారు. ఆదోనిలో దూదికి కొదవ లేదు. మిల్లు గోడల పక్కన, బండ్లు పోయే దారిలో, ముళ్లకంపల మీద ఎక్కడ చూసినా దూదే. దాన్ని ఏరి, గింజ తీసి, దీపాలకు వత్తులు చేసుకుంటూ కూర్చునేవారు. పక్కింటామె మొగుడు జిన్నింగు మిల్లులో పని. ఆమెకు తెలుగు సినిమా పాటలంటే ప్రాణం. ఆమె రోజూ ఒకేమాట అడిగేది.

"అమ్మా, తెలుగు పాటలు రావా దీంట్లో?"

"వస్తాయి. ఇది అయిపోనీ."

అది అయిపోయేది కాదు. పాట తర్వాత వార్తలు వచ్చేవి, వార్తల తర్వాత రైతులకు సలహాలు వచ్చేవి. అన్నీ కన్నడమే. పోకచెట్ల తోటకు నీళ్లు ఎప్పుడు పెట్టాలి, ఎన్నాళ్లు ఆపాలి అన్నది మా వీధి ఆడవాళ్లందరికీ తెలుసు. మా వీధికి కొళాయి నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. అయినా ఎవరూ లేచిపోయేవారు కాదు. పక్కింటామె అర్థం తెలియకుండానే దాసుల పదాలు రెండు మూడు నేర్చుకుని, మిల్లుకు సద్ది తీసుకుపోతూ పాడుకునేది. మిల్లులో వాళ్లు ఆమెది బళ్లారి అనుకున్నారట.

అట్లా వినగా వినగా నాకు కన్నడం వచ్చింది.

ఎప్పుడు వచ్చిందో చెప్పలేను. మొదట వాన అన్న మాట తెలిసింది, తర్వాత ఎండ, ధర, రోగం. ఒక రాత్రి అన్నాలప్పుడు, అత్తగారు పప్పు కలుపుకుంటూ తనలో తాను ఏదో అన్నారు. "ఈ సొసెగె ఉప్పిన అందాజే ఇల్ల." సొసె అంటే కోడలని అప్పటికే రేడియోలో విన్నాను. ఈ కోడలికి ఉప్పు అందాజే లేదు అంటున్నారు.

పొద్దున దేవుడికీ మాకూ వండేది ఆమె. రాత్రి వంట నాది. రాత్రిపూట దేవుడు ఏమీ తినడు గనక నా వంటకు మడి అక్కర్లేదు. ఇన్నాళ్లూ ఆమె నా వంట తింటూ ఏవో మంత్రాలు చదువుకుంటున్నారని అనుకున్నాను. అవి మంత్రాలు కావు.

నాకు తెలిసిందని నేను చెప్పలేదు. చెబితే ఆమె గొణగడం మానేస్తారు. గొణగడం మానేస్తే అవన్నీ నాకు తెలుగులో, నేరుగా చెబుతారు. అందుకని వింటూ ఊరుకున్నాను. నేను వాకిలి ఊడిస్తే మూలలు వదిలేస్తానట. నా నడక ఎద్దు నడకట. పిల్ల అచ్చం తన చెల్లెలి పోలికట, ఆ చెల్లెలికి కోపం జాస్తి అట. నా గురించి మంచిమాట ఒక్కటైనా పడుతుందేమోనని చెవి అటే పెట్టి పనులు చేసుకునేదాన్ని. కన్నడంలో కూడా పడలేదు.

రెండేళ్లో మూడేళ్లో గడిచాయి. ఒకరోజు మా ఆయన బడి నుంచి తొందరగా వచ్చి, "రేడియో వాళ్లు వస్తాండారు మ్మా, మన ఇంటికి" అన్నారు.

తెలుగు స్టేషన్ వాళ్లు మంత్రాలయం పనిమీద వచ్చి, అట్లాగే ఆదోని పక్క పాత పాటలు రికార్డు చేసుకోవాలనుకున్నారట. ఆడవాళ్లు తిరగలి విసురుతూ పాడుకునే పాటలు. మా వీధిలో అందరూ పిండిమిల్లుకు పోయేవాళ్లే. మిల్లులో అందరి పిండీ ఒకే రాతి కింద నలుగుతుందని మా అత్తగారు జొన్నలు ఇంట్లోనే విసిరేవారు. విసురుతూ పాడేవారు కూడా. ఆ సంగతి మా ఆయన బళ్లో ఎవరికో చెప్పారు, వాళ్లు వీళ్లకు చెప్పారు.

ఇద్దరు వచ్చారు. ఒకాయన నెరిసిన జుట్టు పెద్దమనిషి, ఇంకొకాయన మిషను మోసుకొచ్చినాయన. మిషను తోలుపెట్టెలో ఉంది.

"అది తోలు గదా?" అన్నారు అత్తగారు.

మా ఆయన వాళ్లకేమీ వివరించలేదు. వాళ్ల చేతిలోంచి తానే తీసుకుని, మిషనును పెట్టెలోంచి బయటికి తీసి, పెట్టెను చెప్పుల పక్కన పెట్టారు. వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమ చెప్పులూ అక్కడే విడిచారు. కాఫీలు అయ్యాయి. పక్కింటామె, ఎదురింటి వాళ్లు, వాళ్ల చుట్టాలు అరుగు నిండా చేరారు.

పెద్దమనిషి చాలా మర్యాదగా అడిగారు. "అమ్మగారూ, మీరు రోజూ పాడుకునేవే, రెండు పాడండి. తెలుగులో."

"తెలుగులో నాకు పాటలు రావప్పా."

"మరి బాగా మాట్లాడుతున్నారే."

"మాట్లాడతా. తెలుగులో నాకు పనులొస్తాయి. పాటలు కన్నడంలోనే వస్తాయి."

ఆయన తలగోక్కున్నారు. తమది తెలుగు స్టేషనని, కన్నడం పాటలు తీసుకుపోతే పైవాళ్లు అడుగుతారని చెప్పారు. మిషను మోసుకొచ్చినాయన వైరు చుట్టడం మొదలుపెట్టారు. అప్పుడు అత్తగారు వంటింటి వైపు తల తిప్పకుండానే అన్నారు.

"మా కోడలికి వస్తాయి. తెలుగువి."

నేను ఆ ఇంట్లో ఎప్పుడూ పాడలేదు. మా అమ్మ దగ్గర నేర్చుకున్న పాటలు బట్టలు ఉతికేటప్పుడు, పెరట్లో, రేడియో మోగుతుండగా లోపల్లోపల అనుకునేదాన్ని. రేడియో ఉంది గనక ఎవరికీ వినపడదనుకున్నాను. ఆమె కన్నడం నాకు వినపడినట్టే నా తెలుగు ఆమెకూ వినపడుతూ ఉండిందని అప్పుడు తెలిసింది.

"నాకు రావు అత్తమ్మా" అన్నాను.

"వస్తాయి. బండ కాడ పాడతావు గదా, అవే."

పక్కింటామె అరుగు మీది నుంచి, "పాడక్కా, ఏం పోతాది" అంది.

నాకు పాడటానికి భయం లేదు. భయమంతా పాట గురించే. మా అమ్మ నేర్పిన విసుర్రాతి పాటలు చాలానే ఉన్నాయి గానీ, అన్నిట్లోనూ అత్త ఉంటుంది. అత్తను తిట్టడానికే ఆ పాటలు పుట్టాయేమో అనిపిస్తుంది. తలచుకుని తలచుకుని, పుట్టింటి నుంచి అన్న వచ్చే పాట ఒకటి ఎంచుకున్నాను. అందులో అత్త ఒక్క చరణంలోనే వస్తుంది. ఆ చరణం దాటేద్దామనుకున్నాను.

రాతి చప్పుడు కూడా కావాలన్నారు పెద్దమనిషి. అత్తగారు మడిలోనే తిరగలి ముందు కూర్చున్నారు. నేను ఆమెకు తగలకుండా ఎడంగా, పిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మైకు నా ముందు పీట మీద. మగవాళ్లిద్దరూ నడిమింట్లో మిషను దగ్గర. ఆమె గుప్పెడు జొన్నలు పోసి రాయి తిప్పారు. నేను మొదలుపెట్టాను.

రాయి తిరుగుతుంటే పాట మన చేతిలో ఉండదు. నోరు దానంతటదే పోతుంది. అన్న బండి కట్టాడు, ఏరు దాటాడు, పొలిమేరకు వచ్చాడు. దాటేద్దామనుకున్న చరణం దగ్గరికి వచ్చేసరికి నాకు గుర్తొచ్చేలోపల నోట్లోంచి వచ్చేసింది.

ఎంత ఇసిరినా గాని మాయత్తకు సాలదు
రాయరిగె, సెయ్యరిగె, మాయత్త నోరరగదు

రాయి ఆగిపోయింది. మా ఆయన నడిమింట్లో లేచి నిలబడి గోడ వైపు చూస్తున్నారు. నేను తల ఎత్తలేదు.

అత్తగారు వంగి, రాతి అంచున రాలిన పిండిని రెండు వేళ్లతో నలిపి చూశారు.

"ఇంకా రవ్వరవ్వగానే ఉండాది. ఇంకొంచెం పాడు" అన్నారు, మళ్లీ రాయి తిప్పడం మొదలుపెట్టారు.

నేను మిగతాది పాడాను. ఎట్లా పాడానో నాకు తెలియదు. అయిపోయాక పెద్దమనిషి బాగుందన్నారు. మధ్యలో మాట పడిందని, అది కత్తిరించేస్తామని, భయపడొద్దని చెప్పి, తోలుపెట్టె సర్దుకుని వెళ్లిపోయారు. పాట గురించి ఆ రోజు అత్తగారు తెలుగులో గానీ కన్నడంలో గానీ ఏమీ అనలేదు. ఆ పిండితో రొట్టెలు చేశాను. రవ్వగానే ఉన్నాయి.

కొన్నాళ్లకు ఫలానా రోజు మధ్యాహ్నం ఆడవాళ్ల కార్యక్రమంలో పాట వస్తుందని కబురు వచ్చింది. ఆ రోజు మా వీధిలో అన్నాలు ఆలస్యం. అరుగు నిండి, వాకిలి నిండి, ఎండలో కూడా నిలబడ్డారు. మా ఆయన బడిలో ఒక గంట సెలవు అడిగి వచ్చారు. ఆ వేళకు కన్నడం స్టేషన్లో కూడా అత్తగారు రోజూ వినే కార్యక్రమం ఒకటి వస్తుంది. ఆమె గూటి ముందు నిలబడ్డారు. ఏమంటారోనని అందరం ఎదురుచూశాం. ఆమె మీట మీద చెయ్యి వేసి, ఇన్నేళ్లుగా కదలని ముల్లును కదిపారు.

తెలుగు స్టేషన్ ఎక్కడుంటుందో ఆమెకు తెలియదు. నేను ఎప్పటిలాగే దూరంగా నిలబడి చెప్పసాగాను. ఇంకొంచెం కుడికి, ఇంకొంచెం. బరబర శబ్దం, ఎవరిదో హిందీ, మళ్లీ బరబర. ఒకచోట తెలుగు మాట స్పష్టంగా పడింది. "ఇప్పుడు ఆదోని నుంచి" అంటోంది ఒకామె. సరిగ్గా అప్పుడే జిన్నింగు మిల్లు కూత మొదలైంది. మధ్యాహ్నం షిఫ్టు కూత. అది మొదలైతే ఎదురుగా ఉన్నవాళ్ల మాట కూడా వినపడదు. నా పేరు చెప్పారో, చెప్పలేదో, చెబితే సరిగా చెప్పారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. కూత అయిపోయేసరికి అన్న అప్పుడే ఏరు దాటుతున్నాడు.

అది నా గొంతని నాకే అనిపించలేదు. సన్నగా, ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టుంది. కంగారులో నేను ఇంకా చెబుతూనే ఉన్నాను. "కొంచెం వెనక్కి అత్తమ్మా, కొంచెం కుడికి..."

"సుమ్మనె కూతుకో" అన్నారు అత్తగారు, రేడియో మీది చూపు తిప్పకుండా.

ఊరికే కూర్చో అని. ఆమె నాతో అన్నారో తనలో తాను అనుకున్నారో తెలియదు. నేను నోరు మూసుకుని అక్కడే చతికిలబడ్డాను.

ఆమె తల తిప్పి నన్ను చూశారు. కూర్చున్న నన్ను చూశారు. ఆ చూపులోంచి ఇన్నేళ్ల రాత్రి భోజనాలన్నీ ఒక్కొక్కటే వెనక్కి పోవడం నాకు కనపడింది. పాట నడుస్తూనే ఉంది. వీధిలో వాళ్లెవరూ మమ్మల్ని చూడటం లేదు.

చరణం వచ్చింది. రాయరిగె, సెయ్యరిగె. రాయి ఆగింది. ఆ తర్వాత, కత్తిరిస్తామన్న మాట, ఎక్కడా కత్తిరించకుండా, పాట కంటే గట్టిగా వచ్చింది. "ఇంకా రవ్వరవ్వగానే ఉండాది. ఇంకొంచెం పాడు."

వీధి వీధంతా ఒక్కసారి నవ్వింది. పక్కింటామె కడుపు పట్టుకుని అరుగు మీద పడిపోయింది. మా ఆయన కూడా నవ్వారు, తర్వాత తల్లి వైపు చూసి మానుకున్నారు.

"నా గొంతు అట్లుండదు" అన్నారు అత్తగారు. పాట పూర్తయ్యేదాకా నిలబడి విని, ముల్లును కన్నడం స్టేషనుకు తిప్పి, వడ్డించడానికి పోయారు.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో గొణుగుడు లేదు. ఆమె దేవుడితో కూడా పెదవులు కదిపి మాట్లాడారు. ఆ నిశ్శబ్దం నాకు చాలా కష్టమైంది. ఏం తప్పు చేస్తున్నానో తెలిసేది కాదు. మూడోనాటి సాయంత్రం నేను పప్పు ఎసరు పెడుతుంటే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"ఎన్నాళ్లాయె?" అన్నారు.

"ఏంది అత్తమ్మా?"

"కన్నడం."

"రేడియో వచ్చినాక వచ్చింది."

"అన్నీ తెలుస్తాయా?"

"అన్నీ తెలవవు. ఉప్పు గురించి అనేటివి తెలుస్తాయి."

ఆమె మొహంలో కోపం కనపడలేదు, నవ్వూ కనపడలేదు. దొంగతనం బయటపడిన ఇంట్లో, దొంగ తానా ఎదుటివాళ్లా అని లెక్క చూసుకుంటున్న మనిషిలా ఉన్నారు.

"ఉప్పు తక్కువే" అన్నారు చివరికి, తెలుగులో.

"సరే అత్తమ్మా."

"ఎద్దు నడక అన్నది మాత్రం, అప్పుడు నాకు మోకాళ్లు నొస్తాండె. ఆ యాష్టలో అన్నది."

అంతకంటే ఆమె ఏమీ అనలేదు, నేను ఆశించనూ లేదు. ఆ రోజు నుంచి ఇంట్లో పద్ధతి కొద్దిగా మారింది. ఏదైనా వంక ఉంటే నా వైపు చూసి కన్నడంలోనే చెప్పేవారు, నేను తెలుగులో జవాబిచ్చేదాన్ని. మా ఆయనకు ఇద్దరి మాటలూ సగం సగమే అర్థమయ్యేవి. ఆదివారం సాయంత్రం ఒక పూట ముల్లు తెలుగు స్టేషను మీద ఉండటానికి ఒప్పుకున్నారు. పక్కింటామెకు ఆ ఒక్క పూట చాలలేదు గానీ, ఉన్నదాంతో సరిపెట్టుకుంది.

ఆ శ్రావణంలో పక్కింటామె ఉరుకుంద ఈరన్నకు మొక్కు తీర్చుకోవాలని, మమ్మల్ని కూడా రమ్మంది. ఈరన్న అంటే నరసింహుడే కదా అని అత్తగారు బయలుదేరారు. బస్సు కిక్కిరిసి ఉంది. ఆమెకు కిటికీ పక్కన చోటు దొరికింది. నేను పిల్లను ఎత్తుకుని నిలబడ్డాను. మేం ఊరు దాటకముందే పక్కింటామె బస్సులో అందరికీ చెప్పడం మొదలుపెట్టింది.

"ఈయమ్మనే రేడియోలో వచ్చినది. రవ్వగా ఉండాది, ఇంకా పాడు అన్నది ఈయమ్మనే."

జనం తిరిగి చూశారు. వాళ్లు చూసింది అత్తగారిని. పాడింది నేనని పక్కింటామె తర్వాత చెప్పింది గానీ అప్పటికే అందరూ చూసేశారు. అత్తగారి పక్క సీట్లో ఒక రైతుకూలి ముసలామె ఉంది. ఒళ్లో జొన్నల మూట, నోట్లో ఆకూ వక్కా.

"నేను ఇన్న్యా" అంది ఆమె. "మా ఊరి పంచాయితీ రేడియోలో. పాట మతికి లేదు గానీ ఆ మాట మతికి ఉండాది. అయితే ఆ పొద్దు పిండి మెత్తగా అయిందా అమ్మా?"

"కాలేదు" అన్నారు అత్తగారు. "రాతికి గంట్లు పోయినాయి. కొట్టేవాడు రాలేదు."

ఇక అక్కడి నుంచి మాట రాళ్ల మీదికి పోయింది. ఎవరు బాగా గంట్లు పెడతారు, ఏ ఊరి రాయి మంచిది, పిండిమిల్లు వచ్చాక ఆ పనివాళ్లంతా ఎటు పోయారు. ముందు సీటు వాళ్లు, వెనక సీటు వాళ్లు, కండక్టరు కూడా తన అభిప్రాయం చెప్పాడు. నాకు కొంచెం కష్టంగానే ఉంది. పాట మొత్తం పాడింది నేను, ఊపిరి బిగబట్టి, పిల్లను ఒళ్లో పెట్టుకుని. లోకానికి గుర్తున్నది ఒక్క మాట, అదీ పిండి గురించి. కిటికీలోంచి ఎండిన చేలు చూస్తూ నిలబడ్డాను.

ఎప్పుడు చూసిందో, ముసలామె నన్ను మోచేత్తో తట్టింది.

"నువ్వా కోడలివి? నిలబడుకోనుండావే. ఇట్ల కూసో." జొన్నల మూట కాళ్ల దగ్గరికి దించి, జరిగి, నాకు బెత్తెడు చోటిచ్చింది. "ఆ పాట నాకూ వచ్చు. నువ్వు సగమే పాడినావు."

"మా అమ్మ అంతే నేర్పించింది అవ్వా."

"మీయమ్మ కోడలిగా ఉన్నప్పుడు నేర్సుకోని ఉంటాది. దాని మీద అత్త చరణం ఉండాది. మా ఊర్లో అది గూడా పాడతారు."

కిటికీ పక్కనున్న అత్తగారు ఇటు తిరిగారు. "ఏమంటాది అత్త?"

ముసలామె ఆకూ వక్కా దవడకు తోసుకుని, నోరు తుడుచుకుని, బస్సు మోతలో, మా ఇద్దరికీ వినపడేంత గొంతుతో పాడింది.

రాయి నాది, ఇల్లు నాది, నువు రాకముందు సెయ్యి నాది
నోరొక్కటే మిగిలె నాకు, అది గూడ అడగొస్తివా

బస్సు ఒక గుంతలో పడి లేచింది. "ఇంకొక్కసారి సెప్పు" అన్నారు అత్తగారు ముసలామెతో.

ఆమె మళ్లీ పాడింది. మూడోసారికి నేనూ కలిశాను. నాలుగోసారి అత్తగారు తొడ మీద వేళ్లతో తాళం వేశారు, నోరు మాత్రం తెరవలేదు. ఉరుకుంద వచ్చేసరికి నాకు చరణం వచ్చేసింది. బస్సు దిగగానే జనం తోసుకుపోయారు. పక్కింటామె మొక్కు టెంకాయలు చేత్తో ఎత్తి పట్టుకుని మమ్మల్ని పిలుస్తోంది. నేను వెనక్కి తిరిగి చూసేసరికి ముసలామె జొన్నల మూట నెత్తిన పెట్టుకుని జనంలో కలిసిపోయింది. ఆమెది ఏ ఊరో అడగడం మా ఇద్దరికీ తోచలేదు.